డ్రిల్ డోజర్ ఎవరైనా ఆడారా? గేమ్ బాయ్ అడ్వాన్స్‌లో ఎవరికీ పట్టని ప్లాట్‌ఫార్మర్

తాటిపాక_శీను

నింటెండో వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే మెషిన్ గేమ్ బాయ్ అడ్వాన్స్ అనగానే అందరూ పోకెమాన్, మారియో, మెట్రాయిడ్ దగ్గర ఆగిపోతారు. ఆ మెషిన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్లాట్‌ఫార్మర్ (గెంతుతూ, అడ్డంకులు దాటుతూ పోయే గేమ్) పేరు చెబితే మాత్రం చాలామంది మొహం వంక చూస్తారు. డ్రిల్ డోజర్. చేసింది ఎవరో ఊరూ పేరూ లేని కంపెనీ కాదు, గేమ్ ఫ్రీక్. అవును, పోకెమాన్ వాళ్లే. డైరెక్టర్ కెన్ సుగిమోరి, మొదటి 151 పోకెమాన్‌ల బొమ్మలకి తుదిరూపం ఇచ్చిన మనిషి.

మరి ఇంత పేరున్నవాళ్ల గేమ్ ఎందుకు మరుగున పడిందంటే, వచ్చిన వేళ అలాంటిది. జపాన్‌లో 2005 సెప్టెంబర్, అమెరికాలో 2006 ఫిబ్రవరి. 2004 చివర్లోనే నింటెండో కొత్త మెషిన్ డీఎస్ దిగిపోయింది, రెండు స్క్రీన్లు, టచ్చూ, పుల్లా అంటూ జనం అటు పోయారు. ఊరేగింపు వెళ్లిపోయాక బాజాభజంత్రీలు వచ్చినట్టయింది దీని పని. యూరప్‌లో అయితే కార్ట్రిడ్జ్, అంటే మెషిన్‌లో పెట్టే గేమ్ డబ్బీ, అమ్మనే లేదు. ఎన్నో ఏళ్ల తర్వాత నింటెండో వాళ్ల టీవీ గేమ్ మెషిన్ వీ యూలో డౌన్‌లోడ్‌గా పెట్టారు, ఆ ఆన్‌లైన్ షాపు కూడా 2023 మార్చిలో మూసేశారు.

కథ చిన్నదే. జిల్ అనే అమ్మాయి, వాళ్ల నాన్న డగ్. ఆయన రెడ్ డోజర్స్ అనే దొంగల ముఠాకి పెద్ద. స్కల్కర్స్ అనే ఇంకో ముఠా వచ్చి ఆయన్ని కొట్టి, చనిపోయిన జిల్ వాళ్లమ్మ గుర్తుగా దాచుకున్న ఎర్ర వజ్రాన్ని ఎత్తుకుపోతుంది. నాన్న మంచాన పడ్డాడు కాబట్టి ఈ పిల్లే ముందు రెండు డ్రిల్లులున్న బండి ఎక్కి బయల్దేరుతుంది. దొంగసొత్తు వెనక్కి తెచ్చుకోడానికి దొంగలే వెళ్లడం, వెనకాల పోలీసులు పడటం, అదో సరదా.

ఆట అంతా రెండు బటన్ల మీద ఉంది. ఆర్ నొక్కితే డ్రిల్ ముందుకి తిరుగుద్ది, ఎల్ నొక్కితే వెనక్కి. స్టేజ్ మొదట్లో ఒకటే గేరు. నొక్కి పట్టుకుంటే కాసేపు తిరిగి ఆగిపోద్ది. స్టేజ్‌లో వెతుక్కుంటూ పోతే రెండో గేరు దొరుకుద్ది, ఆ తర్వాత మూడోది. స్క్రీన్ మూలన ఉన్న గేజ్ చివరికొచ్చిన క్షణంలో ఆర్ మళ్లీ నొక్కితే గేరు మారుద్ది. ఆ క్షణం తప్పితే డ్రిల్ నీరసపడి ఆగుద్ది. మూడో గేర్లో పడిందంటే ఇంక వదిలేదాకా ఆగదు. గోడలు, రాళ్లు, శత్రువులు, ఏది అడ్డొస్తే అది.

మన గోదావరి జిల్లాల్లో ఎవరైనా ఆడారా? ఆడితే ఎక్కడ, దేంట్లో? చెప్పండి.

కాకినాడ_ఖాజా

శీనన్నా, నువ్వు చెప్పావని వీడియో చూశా. గోడ పగలగొట్టడం, ముందుకెళ్లడం, మళ్లీ గోడ పగలగొట్టడం. ఇందులో ప్లాట్‌ఫార్మింగ్ ఎక్కడుందన్నా? వారియో ల్యాండ్ 4 ఆడు ఒకసారి. 2001లోనే వచ్చింది, అదే మెషిన్. స్టేజ్ చివర కప్ప బొమ్మ స్విచ్ కొట్టగానే టైమర్ మొదలవుద్ది, వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తాలి, దారి కూడా మారిపోయి ఉంటది. ఆ టెన్షన్ ఉందే, అది గేమంటే.

తాటిపాక_శీను

తమ్ముడూ, వారియో ల్యాండ్ 4 గొప్ప గేమే, ఎవరు కాదన్నారు? కాకపోతే దాని గురించి తెలియనివాళ్లు లేరు. ఇక్కడ టాపిక్ ఎవరికీ తెలియని గేమ్ గురించి. పైగా వీడియో చూసి ఈ గేమ్‌ని అంచనా వేయలేం, చెయ్యి చెబితేనే తెలుస్తది. కార్ట్రిడ్జ్‌లోనే వైబ్రేషన్ మోటారు పెట్టారు నాయనా, అది వీడియోలో ఎలా కనపడుద్ది?

రిగ్గు_రాజు

శీను గారూ, చమురు, గ్యాస్ బావులు తవ్వే రిగ్గు మీద పని చేసేవాడికి డ్రిల్లింగ్ గేమ్ చూపిస్తారేంటండీ! పన్నెండు గంటల డ్యూటీ దిగి వచ్చి మళ్లీ డ్యూటీ ఎక్కమంటారా అనుకున్నా. కోనసీమలో పుట్టినోళ్లకి రాత్రి కొబ్బరితోటల వెనకాల రిగ్గు లైట్లు కొత్తేమీ కాదు కదండీ.

అయినా మా బావమరిది ఫోన్లో ఎక్కించి ఇస్తే ఆడాను. ఒక్కటి మాత్రం నా చేతికి ఎక్కడానికి టైమ్ పట్టింది, అదే ఆ ఎల్ బటను. ఎడమకి తిప్పడం! మా దగ్గర పైపు ఎప్పుడూ కుడికే తిరుగుద్దండి. పైపుల మరలన్నీ కుడి మరలు, కుడికి తిప్పేకొద్దీ జాయింట్లు ఇంకా బిగుస్తాయి. అదే ఎడమకి తిప్పారనుకోండి, వేల అడుగుల లోతులో ఎక్కడో ఒక జాయింట్ ఊడిపోయి కింద పైపంతా బావిలోనే ఉండిపోద్ది. దాన్ని బయటకి లాగాలంటే రోజుల తరబడి తతంగం. పైపు ఇరుక్కుపోయి ఇంక ఏం చేసినా రాదు అని తేలినప్పుడే, కావాలని ఎడమకి తిప్పి పైభాగం వరకు ఊడదీసుకుంటారు. మరి ఈ గేమ్‌లో ఆ పిల్ల హాయిగా కుడికీ ఎడమకీ తిప్పేస్తంది, సేఫ్టీ ఆఫీసర్ చూస్తే ఉద్యోగం పీకేస్తాడు.

కానీ ఒకటి ఒప్పుకోవాలండి. గేమ్‌లో పెద్ద పెద్ద స్క్రూల్లోకి డ్రిల్ దూర్చి ఆర్‌తో లోపలికి బిగించడం, ఎల్‌తో వెనక్కి వదులు చెయ్యడం ఉందే, అది భలే పెట్టాడు. స్క్రూ తిరిగేకొద్దీ తలుపు తెరుచుకోవడమో, మనం ఎక్కిన ప్లాట్‌ఫారమే జరగడమో జరుగుద్ది. ఖాజా గారు గోడ పగలగొట్టడమే అన్నారు కానీ అది మొదటి స్టేజ్ వరకేనండి.

గోదారిగట్టు

రాజు గారి పోస్టు చదివి రాజమండ్రిలో ఒక్కడినే నవ్వుకుంటున్నాను.

వైబ్రేషన్ సంగతి కాస్త వివరంగా చెబుతాను. గేమ్ బాయ్ అడ్వాన్స్‌లో మోటారు లేదు. అందుకని కార్ట్రిడ్జ్‌లోనే మోటారు బిగించి, మెషిన్ బ్యాటరీ నుంచే దానికి కరెంటు తీసుకున్నారు. అందుకే ఆ కార్ట్రిడ్జ్ మామూలు వాటికన్నా కాస్త పెద్దగా ఉంటుంది. అమెరికాలో ఈ మెషిన్‌కి ఇలా మోటారుతో వచ్చినవి రెండే గేమ్‌లు, ఇదొకటి, వారియోవేర్ ట్విస్టెడ్ ఇంకొకటి. మోటారు కార్ట్రిడ్జ్‌లోనే ఉంది కాబట్టి డీఎస్‌లోనూ, డీఎస్ లైట్‌లోనూ కింది స్లాట్‌లో పెట్టి ఆడినా అదురుతుంది. నాకు అదే ఇష్టం, ఎందుకంటే మొదటి గేమ్ బాయ్ అడ్వాన్స్‌కి స్క్రీన్ వెనక లైటే లేదు. పగలు అరుగు మీద కూర్చుని, తల అటూ ఇటూ తిప్పుకుంటూ వెలుగు పడేలా పట్టుకుని ఆడాలి. డీఎస్ లైట్‌లో ఆ బాధ లేదు.

అసలు విషయం ఏమిటంటే వాళ్లు వైబ్రేషన్‌ని అలంకారంగా వాడలేదు. ఈ రోజుల్లో ఏ గేమ్‌లో చూసినా బాంబు పేలితే అదురు, తుపాకీ పేలితే అదురు, కాసేపటికి విసుగొచ్చి సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసేస్తాం. ఇక్కడ చేతిలో అదురు ఎలా ఉందో చూసుకుని గేరు ఎప్పుడు మార్చాలో చెప్పొచ్చు. మూలన ఉన్న గేజ్ వైపు చూడక్కర్లేదు, కళ్లు శత్రువు మీదే ఉంచుకోవచ్చు. మోటారు లేకుండా ఆడినవాళ్లు మంచి గేమే కానీ మామూలుగా ఉంది అంటారు, మోటారుతో ఆడినవాళ్లు మాత్రం వదలరు. ఈ తేడా నేను చాలామందిలో చూశాను.

పాలకొల్లు_పద్మ

నమస్తే అందరికీ. మా అమ్మాయి ఏడో క్లాసు. మా తమ్ముడు అమెరికా నుంచి వచ్చినప్పుడు పాత డీఎస్ లైట్, నాలుగైదు కార్ట్రిడ్జులు ఇచ్చి వెళ్లాడు, వాటిలో ఇదొకటి. మిగతావి పక్కన పడేసి ఇది పట్టుకుంది.

నేను ముందు అమ్మాయి హీరో కాబట్టి నచ్చిందేమో అనుకున్నాను. అడిగితే "అదేం లేదు, పగలగొట్టడం బాగుంది" అంది. సరే.

ఒక టీచర్‌గా నాకు తోచింది చెబుతాను. ఈ గేమ్ పిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్పదు. కొత్త రకం స్క్రూ వచ్చినప్పుడు ముందు ప్రమాదం లేని చోట ఒకటి పెడతాడు. అక్కడ తిప్పి చూసుకుంటారు. తర్వాత అదే స్క్రూ కింద ముళ్లు ఉన్న చోట, ఆ తర్వాత శత్రువు కాలుస్తున్న చోట. మా అమ్మాయికి ఇంగ్లిష్ చదవడం వచ్చు కానీ ఆ డైలాగులు ఒక్కటి కూడా చదవదు, అయినా ఎక్కడా ఆగలేదు. ఆ డైలాగులు మాత్రం మరీ ఎక్కువండి. నాన్న మాట్లాడతాడు, ముఠాలో గ్రచ్ మాట్లాడతాడు, గేర్మో మాట్లాడతాడు, తలుపు తీయడానికి కూడా ముగ్గురు సలహాలు చెబుతారు. బటన్ నొక్కుతూ పోవడమే.

కాకినాడ_ఖాజా

పద్మ గారూ, అదే నేను చెప్పేది. గేమ్ మధ్యలో సీరియల్ నడిపినట్టు ఉంటది.

సరే, వీడియో కాదు, నిజంగానే ఆడాను ఈ రెండు రోజులూ. మూడు స్టేజ్‌లు అయ్యాయి. రాజు గారు చెప్పిన స్క్రూలు బాగున్నాయి, ఒప్పుకుంటా. కానీ ఒక్క కంప్లైంట్. స్టేజ్ చివరికి వచ్చేసరికి మూడు గేర్లు దొరికి హుషారుగా ఉంటామా, కొత్త స్టేజ్ మొదలవగానే మళ్లీ ఒక్క గేరు! ఇదేం అన్యాయం? సంపాదించింది లాగేసుకుంటే ఎవరికి నచ్చుద్ది? గేమ్ పొడవు పెంచడానికి చేసిన పని లాగా ఉంది.

తాటిపాక_శీను

దీనికోసమే కాచుక్కూచున్నా తమ్ముడూ.

మ్యూజియం స్టేజ్ దాకా వెళ్లావు కదా. మొదట్లో ఒక గేరుతో ఎలా ఆడావో గుర్తు తెచ్చుకో. ఇటుక గోడ వస్తే డ్రిల్ కాస్త కొరికి ఆగుద్ది, మళ్లీ నొక్కుతావు, మళ్లీ కాస్త. శత్రువు ఎదురొస్తే డ్రిల్ అయిపోయేలోపు వాడు చావకపోతే నువ్వు దొరికిపోతావు, అందుకని దూరం చూసుకుని కొడతావు. తూటాలు వస్తుంటే తిరుగుతున్న డ్రిల్ అడ్డంపెట్టి తిప్పికొడతావు, కానీ ఎంతసేపు? గేరు అయిపోతే అంతే. అంటే మొదటి భాగమంతా ఆచి తూచి నడవాలి. రెండో గేరు దొరికాక అవే శత్రువులు, అవే ఇటుకలు, కానీ నువ్వు అడుగులు వేసే తీరు మారుద్ది. మూడోది దొరికాక ఇందాక దూరంగా చూసి వదిలేసిన గట్టి దిమ్మల వరసలోకి దూరి, అవతల బయటపడేదాకా ఆర్ వదలవు. ఒకే స్టేజ్‌లో మూడు రకాల నడక. ఇదంతా పొడవు పెంచడానికి చేసింది ఎలా అవుద్ది? మూడు గేర్లూ మొదటినుంచీ ఇచ్చేస్తే మూడో స్టేజ్ నుంచి ఆర్ నొక్కి పట్టుకుని నిద్రపోవచ్చు.

ఇంకోటి. గేరు దొరికిన ప్రతిసారీ ఆ సంగీతం, ఆ హడావిడి చూడు. ప్రతి స్టేజ్‌లో రెండుసార్లు పండగ.

రిగ్గు_రాజు

శీను గారిదే కరెక్టండి. కొత్త బావి మొదలెడితే మాకూ అంతే, పాత బావిలో ఎంత లోతు పోయామన్నది లెక్కలోకి రాదు. మళ్లీ పై మట్టి నుంచే.

కాకినాడ_ఖాజా

మీరిద్దరూ ఒకే ఊరి పార్టీ. ఓటింగ్ చెల్లదు.

వరిచేను_404

తణుకు నుంచి. ఎమ్యులేటర్‌లో, అంటే పాత మెషిన్ గేమ్‌లని ఫోన్లోనో కంప్యూటర్లోనో నడిపే సాఫ్ట్‌వేర్‌లో ఆడేవాళ్లకి నాలుగు ముక్కలు చెబుతాను, ఎందుకంటే ఇక్కడ సగం మంది అలాగే ఆడతారు.

ఫోన్లో టచ్ బటన్లతో ఈ గేమ్ ఆడకండి. రాజు గారు ఎలా ఆడారో నాకు అర్థం కావట్లేదు. గేమ్ అంతా ఎల్, ఆర్ మీదే నడుస్తది. వేలు కింద నిజమైన బటన్ ఉండాలి. కనీసం బ్లూటూత్ కంట్రోలర్ అయినా పెట్టుకోండి.

ఎంజీబీఏ ఎమ్యులేటర్ ఈ గేమ్ వైబ్రేషన్‌ని అర్థం చేసుకుంటది. కంట్రోలర్‌లోనో, మీ చిన్న హ్యాండ్‌హెల్డ్‌లోనో (చేతిలో పట్టే గేమ్ మెషిన్) మోటారు ఉంటే సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోండి. గోదారిగట్టు గారు చెప్పినంత తేడా ఉంది, నేను రెండు రకాలుగానూ ఆడాను. కాకపోతే ఒరిజినల్ మోటారు అదురులో ఒక గరుకుతనం ఉంటది, ఇప్పటి మోటార్లలో అది రాదు.

స్క్రీన్ సంగతి. గేమ్ బాయ్ అడ్వాన్స్ స్క్రీన్ 240 బై 160 పిక్సెళ్లు. ఇప్పుడు చవగ్గా దొరికే హ్యాండ్‌హెల్డుల్లో చాలావాటికి 640 బై 480 స్క్రీన్. మూడింతలు చేద్దామంటే వెడల్పు 720 కావాలి, సరిపోదు. రెండింతలు చేస్తే చుట్టూ నల్ల అంచు మిగిలి బొమ్మ చిన్నదైపోద్ది. మొత్తం నింపమంటే కొన్ని పిక్సెళ్లు లావుగా, కొన్ని సన్నగా వచ్చి, స్క్రీన్ పక్కకి జరిగినప్పుడు ఇటుకల గీతలు మినుకుమినుకుమంటాయి. ఈ గేమ్‌లో ఇటుకలే ఎక్కువ కాబట్టి కళ్లకి తెలిసిపోద్ది. అన్బర్నిక్ ఆర్జీ34ఎక్స్ఎక్స్ లాంటి వాటిలో స్క్రీన్ 720 బై 480. సరిగ్గా మూడింతలు. ఈ మెషిన్ గేమ్‌లే ఎక్కువ ఆడేవాళ్లు అలాంటిది చూసుకోండి. వేరేవీ ఆడతామంటే మామూలుది చాలు.

రిగ్గు_రాజు

టచ్ బటన్లతోనే ఆడానండి. రెంచీ పట్టిన చేతులివి, గాజు అయినా ఒకటే, ఇనుము అయినా ఒకటే.

సఖినేటిపల్లి_పిల్లోడు

అన్నలూ, అక్కా, నేను కొత్త. నాకు అసలు కార్ట్రిడ్జే కావాలి. మా పిన్ని కువైట్‌లో ఉంటే పాత డీఎస్ లైట్ ఒకటి తెప్పించుకున్నా. కార్ట్రిడ్జ్ మాత్రం ఆన్‌లైన్‌లో ఒకడి దగ్గర కొన్నా, ఫొటోలో లేబుల్ తళతళలాడుతూ ఉంది. వచ్చాక చూస్తే గేమ్ నడుస్తోంది కానీ అదరట్లేదు. సేవ్ చేసి ఆపితే తెల్లారేసరికి సేవ్ లేదు. అమ్మినవాడు ఫోన్ ఎత్తట్లేదు. ఇది రిపేర్ అవుద్దా?

గోదారిగట్టు

బాబూ, అది నకిలీ. నకిలీలు చేసేవాళ్లు మామూలు బోర్డు మీద గేమ్ ఎక్కించి అమ్మేస్తారు, మోటారు పెట్టరు, సేవ్ కూడా నమ్మకం ఉండదు. రిపేర్‌కి డబ్బు పెట్టకు.

ఇక ముందు కొనేటప్పుడు కొన్ని చూసుకో. అసలు కార్ట్రిడ్జ్ లేబుల్ మీద వెలుగు పక్కగా పడేలా వాలుగా పట్టుకుంటే, అంకెలు అచ్చు గుద్దినట్టు లోతుగా కనిపిస్తాయి. సిరాతో వేసినవి కావు, నొక్కి వేసినవి. నకిలీల్లో చాలావాటికి అది ఉండదు. రెండోది, కింద బంగారు రంగు పళ్లు ఉంటాయి కదా, వాటికి కొంచెం పైన బోర్డు మీద నింటెండో అని అచ్చు ఉండాలి. లోపలికి టార్చి వేసి చూడు. మూడోది, ఈ గేమ్ వరకు, కార్ట్రిడ్జ్ మామూలు సైజులో ఉంటే అక్కడే వదిలేయ్. మోటారు పట్టాలంటే చోటు కావాలి కదా.

అమ్మేవాణ్ని ఈ మూడు ఫొటోలూ పంపమని అడుగు. పంపకుండా నస పెట్టాడంటే నీకు సమాధానం దొరికినట్టే.

కాకినాడ_ఖాజా

పిల్లోడా, లేబుల్ తళతళలాడితేనే అనుమానపడాలి. ఇరవై ఏళ్ల వస్తువు అంత కొత్తగా ఎందుకుంటది?

పాలకొల్లు_పద్మ

ఒక సందేహం అండి. మా అమ్మాయి ఒకచోట ఆగిపోయింది. గోడలో గుంట ఉంది, డ్రిల్ అందులోకి సరిగ్గా దూరుతోంది, ఆర్ పట్టుకుంటే చివరిదాకా వెళ్లి ఆగిపోతోంది, ఏమీ జరగట్లేదు. మూడు గేర్లూ ఉన్నాయి.

తాటిపాక_శీను

పద్మక్కా, చివరిదాకా వెళ్లాక ఆర్ వదిలేసి ఎల్ పట్టుకోమనండి. చాలాచోట్ల బిగించడం సగం పనే, వెనక్కి తిప్పేటప్పుడు అసలు కథ నడుస్తది. కొన్ని గుంటల్లో అయితే బాగా తిప్పి ఒక్కసారిగా బయటపడితే డోజర్ ఎగిరి అవతలి గట్టు మీద పడుద్ది. రెండూ చేసి చూడమనండి.

పాలకొల్లు_పద్మ

ఎల్ పట్టుకోగానే వెనకాల తలుపు తెరుచుకుందట. "రిగ్గు అంకుల్ చెప్పిన ఎడమవైపు" అంటోంది. రాజు గారి పోస్టు చదివి వినిపించాను లెండి.

రిగ్గు_రాజు

పాపకి చెప్పండి, గేమ్ వరకే ఎడమవైపు!

వరిచేను_404

ఇంకా ఎవరూ షాపు గురించి మాట్లాడలేదేంటి? స్టేజ్‌ల్లో దొరికే డబ్బుతో అక్కడ కొనుక్కోవచ్చు. ప్రాణం గళ్లు పెంచుకోవచ్చు, కొత్త మ్యాపులు కొంటే అదనపు స్టేజ్‌లు తెరుచుకుంటాయి, గట్టి డ్రిల్ ముక్కలు కొంటే ఇంతకుముందు పగలని దిమ్మలు పగులుతాయి. పాత స్టేజ్‌లకి తిరిగి వెళ్లి దాచిన నిధుల పెట్టెలు ఏరుకోవాలి. కథ వరకు ఆడి ఆపేస్తే ఒక వారాంతంలో అయిపోద్ది, అందుకే కొంతమంది చిన్న గేమ్ అని తీసిపారేస్తారు. నిధులు ఏరడం మొదలెడితే గేమ్ వేరు. అదనపు స్టేజ్‌లు బాగా కష్టం కూడా, అక్కడ గేరు మార్చడం ఒక్క క్షణం తేడా వచ్చినా కింద పడతాం.

నీళ్ల స్టేజ్ మాత్రం నాకు నచ్చలేదు. డ్రిల్ తిరిగితేనే ముందుకు కదులుతాం, ఆగితే ఆగిపోతాం. ఆలోచన మంచిదే. కానీ నేల మీద ఉన్న ఆ పట్టు నీళ్లలో పోయింది, బండి నా మాట వినట్లేదనిపించింది.

గోదారిగట్టు

నీళ్ల దగ్గర నేను మీతో విభేదిస్తాను. అక్కడే రెండు బటన్లు వాళ్లు ఎంత దూరం ఆలోచించారో తెలుస్తుంది. నడకకి ఒక రకం, ఈతకి ఇంకో రకం అని కొత్త బటన్లు నేర్పలేదు, అదే ఎల్, అదే ఆర్. గోదారి వరద చూసినవాళ్లం, నీళ్లలో బండి మాట వినాలని ఎందుకు అనుకుంటారండీ!

అన్నట్టు, ఈ గేమ్ పూర్తిగా మరిచిపోలేదు నింటెండో. 2008లో వచ్చిన సూపర్ స్మాష్ బ్రోస్ బ్రాల్‌లో సాయానికి పిలిచే పాత్రల్లో జిల్ తన డోజర్‌తో సహా ఉంది. చాలామంది ఆ పిల్లని అక్కడ చూసి ఎవరీ అమ్మాయి అని వెతుక్కుంటూ ఈ గేమ్ దగ్గరికి వచ్చారు.

కాకినాడ_ఖాజా

గోదారిగట్టు గారూ, మీరు ఇలాంటివే ఇంకో రెండు చెప్పండి. వారియో ల్యాండ్ ఎలాగూ ఒప్పుకోరు.

గోదారిగట్టు

మొదటిది డాంకీ కాంగ్, 1994, గేమ్ బాయ్. పేరు చూసి పాత ఆర్కేడ్ గేమే అనుకుని వదిలేస్తారు. మొదటి నాలుగు స్టేజ్‌లు నిజంగా ఆర్కేడ్‌వే. అది అయిపోయింది అనుకున్నాక అసలు గేమ్ మొదలవుతుంది, మొత్తం 101 స్టేజ్‌లు. తాళంచెవి పట్టుకుని తలుపు దాకా మోయాలి. మారియో చేతుల మీద నిలబడతాడు, పల్టీ కొడతాడు, తీగల మీద గిరగిరా తిరుగుతాడు. ఒక్కో స్టేజ్ రెండు నిమిషాల్లో అయిపోతుంది, బస్సులో ఆడటానికి ఇంతకన్నా మంచిది లేదు.

రెండోది షాంటే. 2002లో గేమ్ బాయ్ కలర్‌కి వచ్చింది. అప్పటికే అడ్వాన్స్ వచ్చి ఏడాది అయింది, దీని కథా డ్రిల్ డోజర్ కథే. 2021లో స్విచ్‌లో మళ్లీ పెట్టారు కాబట్టి దొంగదారులు వెతకక్కర్లేదు.

వరిచేను_404

దొంగదారుల మాట వచ్చింది కాబట్టి, మోడరేటర్‌గా ఒక మాట. రోమ్ ఫైళ్ల (గేమ్ కాపీల) లింకులు ఇక్కడ పెట్టకండి, ప్రైవేట్ మెసేజ్‌లో నన్ను అడగకండి. ఇప్పటికి ముగ్గురు అడిగారు.

సఖినేటిపల్లి_పిల్లోడు

గోదారిగట్టు గారూ, మీరు చెప్పినట్టు ఆ నకిలీ దాంట్లోకి టార్చి వేసి చూశా. బోర్డు మీద పేరూ లేదు, ఏమీ లేదు. లేబుల్ మీద అంకెలు కూడా లేవు. ఇంకో చోట ఒకటి దొరికింది కానీ వాడు చెప్పిన ధరకి మా నాన్న ఇంట్లోకి రానివ్వడు.

తాటిపాక_శీను

పిల్లోడా, కొనకు. నా దగ్గర ఒరిజినల్ ఉంది, పోయిన నెలే మళ్లీ పూర్తి చేశా. ఆదివారం నేను నర్సాపురంలో పెళ్లికి వెళ్తున్నా, పొద్దున్నే మీ రేవులోనే గోదారి దాటే పంటు ఎక్కుతా. డీఎస్ లైట్ పట్టుకుని రా, అక్కడే పెట్టి చూసుకో. నెల రోజులు ఉంచుకో. నా సేవ్ మొదటి స్లాట్‌లో ఉంటది, దాన్ని చెరిపావంటే మాత్రం ఊరుకోను, కొత్త స్లాట్‌లో మొదలెట్టుకో.

సఖినేటిపల్లి_పిల్లోడు

అన్నా!! ఎన్నింటికి రావాలి?

తాటిపాక_శీను

ఎనిమిదిన్నరకి. మెషిన్ ఛార్జింగ్ పెట్టి తే.

కాకినాడ_ఖాజా

పిల్లోడి తర్వాత నంబర్ నాది. వైబ్రేషన్‌తో ఆడి చూసి అప్పుడు చెబుతా, వారియో ల్యాండ్ 4 కన్నా గొప్పదో కాదో.

రిగ్గు_రాజు

లైన్లో నేనున్నానండి ముందు. టచ్ బటన్లతో బొటనవేళ్లు పోతున్నాయి.